సర్వే నంబరు

ఊళ్ళో అందరూ దీన్ని జున్నంటారు.
కాదండీ, జున్నంటే ఈనిన ఆవు తొలి పాలు,
బెల్లం, మిరియం, ఒక్క పూట సంబరం.
ఇది యాభై రోజులు చీకట్లో కూర్చుని
తన సంగతి తాను తేల్చుకునే పాలు,
అని చెప్పబోతాను.
"ఆయ్, అదే లెండి, జున్నే" అంటారు.
అక్క సత్యవేణి పేరు జోలికే పోదు.
అచ్చంటుంది, బెల్లం అచ్చన్నట్టు.
"అచ్చులు తిప్పేవా?"

తిప్పేను.
పాలకేంద్రంలో పంతొమ్మిదేళ్ళు
గాజుగొట్టం ముంచి
ఎవరి బిందెలో ఎన్ని నీళ్ళో చెప్పినవాణ్ణి.
సగం ఊరు ఇప్పటికీ నాతో మాట్లాడదు.
ఇప్పుడు పొద్దున్నే కొబ్బరికాయల కొట్లోకి దూరి
(గోడలకి థర్మాకోలు, మూల మూలిగే పాత ఏసీ)
ఉప్పునీళ్ళ గుడ్డతో ఒక్కో అచ్చూ తుడిచి
బోర్లిస్తాను.
పసిబిడ్డని పక్క మార్చినట్టు అని రాద్దామనుకున్నా.
కాదు. అట్టు తిరగేసినట్టే.

గోరువెచ్చటి పాలకి తోడు, ఆపైన
మొక్క మందు రెండు చుక్కలు;
దూడ కడుపులోది వద్దంది అక్క.
పేరుకున్నాక కత్తి దించితే
తెల్లటి పొలం గళ్ళుగళ్ళుగా చీలి
గట్ల మధ్య తేట ఊరుతుంది,
కాలవ వదిలిన రోజు మడిలోకి నీరెక్కినట్టు.

మూడావులు: చుక్కది, కపిల,
ఏ పేరూ నిలవని జెర్సీది.
వేసంగిలో పాయలోంచి నడిచి,
నీళ్ళొస్తే మూపురాలు తేల్చి ఈదుకుంటూ
లంకలో మా ఎకరంపావుకి పోయేవి.
ఏటి ఒండ్రు తప్ప ఏ ఎరువూ ఎరగని నేల.
గరిక, తుంగ, పిల్లిపెసర.
చుక్కది తుమ్మిపూలు కూడా వదిలేది కాదు.

ఆరుద్రలో పోసినవి పదకొండు అచ్చులు.
పుష్యమిలో ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక.
మూడు రోజులు కరెంటు లేదు.
రొయ్యల వాళ్ళ ఐసు అరువు తెచ్చి పేర్చేం.
అక్క ఆ కొట్లోనే మంచం వేసుకుంది,
వరదలో దుప్పటి కప్పుకున్నది తనొక్కతే.
ఆవులు ఏటిగట్టు మీద, టార్పాలిన్ కింద.

నీరు తీశాక చూస్తే లంక లేదు.
ఎకరంపావూ అంచులంచులుగా తుంచుకుపోయింది ఏరు.
పదిమంది నిలబడి చూసేరు. ఎవరూ ఏమీ అనలేదు.
పంతొమ్మిదేళ్ళు పాలలో నీళ్ళు పట్టుకున్నవాణ్ణి,
నీళ్ళలో నేల ఎంత కలిసిందో చెప్పే గొట్టం
నా దగ్గర లేదు.

మఖలో వచ్చేడు కాకినాడ నుంచి
సేంద్రియ సర్టిఫికెట్టు కుర్రాడు,
చేతిలో ట్యాబు, ప్యాంటు పిక్కల పైకి.
"ఆవులు మేసే భూమి చూపించండి."
చూపించేం. ఎర్రనీళ్ళు.
"సర్వే నంబరు?"
అక్క తడుముకోలేదు.
రెండొందల పద్నాలుగు బై మూడు.
వాడు కొట్టేడు. మ్యాపు తెరుచుకుంది,
చుక్క వెళ్ళి ఏటి నడిమధ్య నిలబడింది.
మంచివాడే. "మట్టి నమూనా ఏదన్నా ఉంటే..."
అని ఆగిపోయేడు.

అక్క లోపలికెళ్ళి ఏడో అచ్చు తెచ్చింది.
కత్తి ఆనితే ముందు కాస్త తగ్గి
తర్వాత దారిచ్చింది;
ముదరబోతున్న ముంజెలా, మెత్తనా కాదు, గట్టీ కాదు.
గంధం రంగు, అక్కడక్కడ చీమ కన్నాలు.
తడిసిన గోనె వాసనకి కుర్రాడు జంకేడు గానీ
నోట్లో వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను.
ముందు ఉప్పు. తర్వాత వెన్న.
చాలాసేపటికి, అంగిలి వెనక,
తొలకరికి తడిసిన గరిక.
ఇంకా ఏదో పిసరంత చేదు, తుమ్మిపూవుదేమో.
అక్క తినలేదు. వాడి మొహమే చూస్తోంది,
నేను గొట్టం ముంచినప్పుడల్లా
పాలవాళ్ళు నా మొహం చూసినట్టు.

"ఏం రాయమంటారండీ?"
"తిన్నది రాయి బాబూ."

ఏం రాశాడో తెలీదు. చీకటి పడకముందే వెళ్ళిపోయేడు.
రాజమండ్రి బేకరీవాళ్ళు ఫోను చేస్తే
అయిపోయేయంది అక్క.
అబద్ధం. నాలుగున్నాయి.
గట్టుగడ్డి పాలతో పోసిన కొత్తవి పై వరస,
ఇవి కింది వరస.
తుడిచేటప్పుడు గుడ్డ కూడా వేరే పెట్టమంది.